స్టోరేజీ డ్రైవర్ తీసేటప్పుడు ఏది ఎప్పుడు ఫ్రీ చేయాలి: చేత్తో రాయాలా, డెవ్ఎం వాడాలా, రిఫరెన్స్ కౌంట్ పెట్టాలా?

ఆదివారం పొద్దున హనుమకొండలో మా ఇంటికి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు నలుగురైదుగురు వస్తారు. లైనక్స్ కెర్నల్ డ్రైవర్లు రాయడం నేర్చుకుంటున్నారు. ఆ మధ్య వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "అన్నా, ప్రోబ్‌లో తీసుకున్నవన్నీ రిమూవ్‌లో తిరగేసిన వరసలో ఫ్రీ చేయాలని ఒకచోట చదివిన. డెవ్ఎం వాడితే రిమూవే రాయక్కర్లేదని ఇంకోచోట ఉంది. రెండిట్లో ఏది పట్టుకోవాలె?"

మంచి ప్రశ్న. (ప్రోబ్ అంటే పరికరం దొరికినప్పుడు కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్, రిమూవ్ అంటే పరికరం పోయేటప్పుడు పిలిచేది. ఫ్రీ చేయడం అంటే తీసుకున్న మెమరీ లాంటివి తిరిగి ఇచ్చేయడం. డెవ్ఎం అంటే ఆ పనిని కెర్నల్‌కే వదిలే ఫంక్షన్ల కుటుంబం, రిఫరెన్స్ కౌంట్ అంటే ఒక వస్తువును ఎంతమంది పట్టుకుని ఉన్నారన్న లెక్క.) దానికి సరైన జవాబు తెలియక నేను ఒకప్పుడు మూడు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. డ్రైవర్ మొత్తానికి ఒకే పద్ధతి ఎంచుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ప్రోబ్‌లో తీసుకున్న ఒక్కో వస్తువునూ పట్టుకుని "దీని ఆయుష్షు ఎక్కడ తీరుతుంది?" అని అడగాలి. జవాబు మూడింటిలో ఒకటే అవుతుంది: రిమూవ్ నడుస్తుండగా, రిమూవ్ ముగిసిన వెంటనే, లేదా రిమూవ్ అయిపోయాక ఎప్పుడో. మొదటి దానికి చేత్తో రాయడం, రెండో దానికి డెవ్ఎం, మూడో దానికి రిఫరెన్స్ కౌంట్. మంచి స్టోరేజీ డ్రైవర్‌లో ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి.

యార్డు మూసే వరస

మా నాయన మిర్చి పండించేవాడు. పంట ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లిన రోజుల్లో నేనూ బస్తాల మీద కూర్చుని వెళ్లేవాణ్ని. సాయంత్రం యార్డు మూసే తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ముందు గేటు దగ్గర కొత్త బండ్లు ఆపుతారు. లోపలికి వచ్చేసిన బస్తాలకు కాంటా పూర్తి చేస్తారు. హమాలీలు ఆఖరి బస్తా ఎత్తాక కాంటా పక్కకు జరుగుతుంది. అయితే అడ్తిదారు దగ్గర ఉన్న ఖాతా పుస్తకం మాత్రం ఆ రోజుతో అయిపోదు. తక్‌పట్టీ (తూకం, ధర రాసిన చీటీ) చేతిలో ఉన్న రైతు రెండు రోజుల తర్వాత డబ్బుల కోసం వస్తే ఆ పేజీ అక్కడ ఉండాలి. యార్డు మూసి ఉన్నా సరే.

స్టోరేజీ డ్రైవర్ రిమూవ్ సరిగ్గా ఇదే. గేటు మూయడం అంటే డెల్_జెన్‌డిస్క్, డిస్క్‌ను కెర్నల్ నుంచి తీసేసే ఫంక్షన్. లోపలి బస్తాలు అంటే అప్పటికే క్యూలో ఉన్న రిక్వెస్టులు. కాంటా అంటే ఐఆర్‌క్యూ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ లైను), రిజిస్టర్ల మ్యాపింగ్ (పరికరం రిజిస్టర్లకు మెమరీలో ఇచ్చిన చిరునామా), డీఎంఏ బఫర్లు (పరికరం తానే నేరుగా చదివి రాసే మెమరీ). ఖాతా పుస్తకం అంటే మన డ్రైవర్ సొంత స్ట్రక్చర్. తక్‌పట్టీ పట్టుకున్న రైతు అంటే డిస్క్‌ను ఓపెన్ చేసి ఇంకా క్లోజ్ చేయని ప్రోగ్రాం, లేదా దాని మీద మౌంట్ అయి ఉన్న ఫైల్‌సిస్టం.

నా మూడు వారాలు

కొన్నేళ్ల కింద కాంట్రాక్టు మీద ఒక కంపెనీకి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్టోరేజీ కార్డు డ్రైవర్ రాశాను. నయీంనగర్‌లో ఇంట్లో కూర్చుని, వాళ్ల ల్యాబ్‌లో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయి పని చేసేవాణ్ని. డ్రైవర్ స్ట్రక్చర్‌ను డెవ్ఎం_కేజెడ్అలాక్‌తో, అంటే డెవ్ఎం తరఫున మెమరీ ఇచ్చే ఫంక్షన్‌తో తీసుకున్నాను. డ్రైవర్ మాడ్యూల్‌ను తీసే ఆర్ఎంమాడ్, పెట్టే ఇన్స్‌మాడ్ కమాండ్లు వందసార్లు వరసగా నడిపాను. ఒక్క తప్పూ లేదు. ధైర్యంగా అప్పగించాను.

వాళ్ల దగ్గర ఒకరు ఫైల్‌సిస్టం మౌంట్ అయి ఉండగానే కార్డు లాగేశారు. అప్పుడేమీ కాలేదు. నిమిషం తర్వాత అన్‌మౌంట్ చేస్తే కెర్నల్ ప్యానిక్, అంటే కెర్నలే కూలి మిషన్ ఆగిపోవడం. అదీ ప్రతిసారీ కాదు. ఒక్కోసారి అసలు సంబంధం లేని నెట్‌వర్క్ కోడ్‌లో పడిపోయేది. టెన్షన్‌తో తల పగిలిపోయింది.

కారణం చాలా చిన్నది. మాడ్యూల్‌కు ఒక లెక్క ఉంటుంది. డిస్క్ ఓపెన్‌గా ఉన్నంతసేపు ఆ లెక్క సున్నా కాదు, కాబట్టి ఆర్ఎంమాడ్ "మాడ్యూల్ వాడకంలో ఉంది" అని తిప్పి పంపుతుంది. నా వంద టెస్టుల్లో డిస్క్ ఎప్పుడూ ఖాళీగానే ఉంది. కానీ కార్డు లాగితేనో, సిస్‌ఎఫ్ఎస్‌లోని (కెర్నల్ సంగతులను ఫైళ్లలా చూపే చోటు) అన్‌బైండ్ ఫైల్లో పరికరం చిరునామా రాసి డ్రైవర్‌ను విడదీస్తేనో ఆ లెక్కను ఎవరూ చూడరు. రిమూవ్ నేరుగా నడుస్తుంది. అది ముగియగానే డెవ్ఎం నా స్ట్రక్చర్‌ను ఫ్రీ చేసేసింది. తర్వాత అన్‌మౌంట్ జరిగి, ఆఖరి క్లోజ్ దగ్గర నా రిలీజ్ ఫంక్షన్ పిలవబడి, పోయిన మెమరీని తాకింది. ఆ మెమరీ అప్పటికి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కోడ్ కూలింది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మాడ్యూల్ లెక్క కాపాడేది కోడ్‌ను. డేటాను కాదు.

చేత్తో రాయడం: ఆపాల్సిన వాటికి

ఈ పద్ధతి అందరికీ తెలిసిందే. ప్రోబ్‌లో ఒక్కో మెట్టు ఎక్కుతూ, ఎక్కడ తప్పితే అక్కడి నుంచి గోటూతో (సీ భాషలో ఇంకో లైన్‌కు దూకే ఆదేశం) కిందికి దిగడం. రిమూవ్‌లో అవే మెట్లు తిరగేసి దిగడం. కోడ్ పొడుగవుతుంది, గోటూ లేబుళ్లు ఒకటి అటూ ఇటూ అయితే లీకో, రెండుసార్లు ఫ్రీ కావడమో తప్పదు. మధ్యలో కొత్త మెట్టు చేర్చిన ప్రతిసారీ రెండు చోట్ల దిద్దాలి. చాలా లీకులు ఇలా వచ్చినవే.

అయినా దీన్ని పూర్తిగా వదలలేం. ఎందుకంటే వరస మన చేతిలో ఉండేది ఇందులోనే. కదులుతున్నవన్నీ, అంటే టైమర్లు, వర్క్‌లు (తర్వాత చేయమని కెర్నల్‌కు అప్పగించిన పనులు), త్రెడ్లు, పరికరం చేస్తున్న డీఎంఏ, ఇవి రిమూవ్ లోపలే, మనం చెప్పిన వరసలోనే ఆగాలి.

ప్రోబ్‌లో డివైస్_యాడ్_డిస్క్ (డిస్క్‌ను బయటికి చూపే ఫంక్షన్) చిట్టచివర ఉండాలి. అది పిలిచిన క్షణం నుంచే బయటివాళ్లు లోపలికి రావచ్చు. పార్టిషన్ టేబుల్ చదవడానికి కెర్నలే ముందు వచ్చేస్తుంది. రిమూవ్‌లో దాని జోడీ డెల్_జెన్‌డిస్క్ మొదట్లో ఉండాలి. గేటు చివర తెరవాలి, ముందు మూయాలి. ఇప్పటి కెర్నళ్లలో డెల్_జెన్‌డిస్క్ కొత్త రిక్వెస్టులను ఆపి, లోపల ఉన్నవి పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత టైమర్లు, వర్క్‌లు. ఆ తర్వాత పరికరాన్ని రీసెట్ చేయడం, బస్ మాస్టరింగ్ (పరికరం తానే మెమరీని తాకే అనుమతి) ఆపడం. అప్పుడు ఐఆర్‌క్యూ. అప్పుడు డీఎంఏ బఫర్లు.

డీఎంఏ దగ్గర ఒక నిమిషం ఆగుతాను. బఫర్ ఫ్రీ చేశాక కూడా పరికరం ఆ చిరునామాకు రాస్తూ ఉంటే ప్యానిక్ రాకపోవచ్చు. ఇంకొకరి ఫైల్లో నాలుగు బైట్లు మారిపోతాయి, అంతే. ఎవరికీ తెలియదు. స్టోరేజీ డ్రైవర్ చేయగల అన్నింటికన్నా ఘోరమైన తప్పు నా దృష్టిలో ఇదే. ప్యానిక్ వస్తే మిషన్ ఆగుతుంది, డేటా మిగులుతుంది. ఇది డేటానే తింటుంది. పరికరాన్ని ఆపకుండా బఫర్‌ను ముట్టుకోవద్దు.

టైమర్ వర్క్‌ను లేపడం, ఆ వర్క్ మళ్లీ టైమర్‌ను పెట్టడం చాలా డ్రైవర్లలో ఉంటుంది. ఒకదాన్ని ఆపేలోపు రెండోది దాన్ని లేపుతుంది. దీనికోసమే 6.2 కెర్నల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చింది. దాని తర్వాత ఆ టైమర్‌ను ఎవరు పెట్టాలని చూసినా అది లేవదు. అందుబాటులో ఉంటే అదే వాడండి, ఆ తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్.

డెవ్ఎం: పరికరంతో పోయే వాటికి

డెవ్ఎం కుటుంబాన్ని కెర్నల్ డెవలపర్ టెజున్ హియో తెచ్చారు, 2007లో 2.6.21 కెర్నల్‌తో. ఆయన దీన్ని చేసింది ఏటీఏ డిస్కుల డ్రైవర్ల పనిలో ఉండగా, అంటే ఇది స్టోరేజీ వైపు నుంచి పుట్టిన సాధనమే. పరికరానికి ఒక జాబితా కట్టి ఉంటుంది. డెవ్ఎంతో తీసుకున్న ప్రతిదీ అందులో చేరుతుంది. ప్రోబ్ ఫెయిలైనా, రిమూవ్ ముగిసినా, కెర్నల్ ఆ జాబితాను చివరి నుంచి మొదటికి విప్పుతుంది.

దీని మేలు ముఖ్యంగా ప్రోబ్ ఫెయిలయ్యే దారుల్లో. సగం గోటూలు మాయమవుతాయి. క్లాక్‌లు, రెగ్యులేటర్లు, రిజిస్టర్ మ్యాపింగ్‌లు, వీటికి నేను వేరే ఆలోచనే చేయను. మీరూ చేయకండి.

ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. ఒకటి పైన చెప్పిందే: ఓపెన్ చేసినవాళ్లు తాకే స్ట్రక్చర్‌ను డెవ్ఎంతో తీసుకోవడం. డెవ్ఎం_కేజెడ్అలాక్ ఈ రకంగా చేస్తున్న చేటు గురించి కెర్నల్ డెవలపర్ లారెంట్ పిన్‌చార్ట్ 2022 లైనక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడారు. ఆ ఫంక్షన్‌లో తప్పేమీ లేదు. తన ఆయుష్షును మించి బతకాల్సిన వస్తువును దాని చేతిలో పెట్టడమే తప్పు.

రెండోది కలగాపులగం. సగం డెవ్ఎం, సగం చేత్తో. డెవ్ఎం వస్తువులన్నీ రిమూవ్ ముగిశాకే పోతాయి. అంటే రిమూవ్‌లో మీరు చేత్తో ఫ్రీ చేసేది ఏదైనా, డెవ్ఎం వాటికన్నా ముందే పోతుంది. ప్రోబ్‌లో వరస ఏమిటన్నది అక్కడ లెక్కలోకి రాదు. డెవ్ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ వాడి, ఆ ఇంటరప్ట్ హ్యాండ్లర్ చూసే బఫర్‌ను రిమూవ్‌లో కేఫ్రీ చేశారనుకోండి. ఆ రెండింటి మధ్య ఇంటరప్ట్ వస్తే కొంప మునిగినట్టే. షేర్డ్ ఐఆర్‌క్యూ అయితే మీ పరికరం ఆగి ఉన్నా పక్క పరికరం వల్ల మీ హ్యాండ్లర్ లేస్తుంది. ఇలాంటిదే ఇంకొకటి: ఎంఎస్ఐ వెక్టర్లను (పీసీఐ పరికరం సందేశాలుగా పంపే ఇంటరప్ట్‌లు) చేత్తో విడిచి, వాటి మీద కట్టిన హ్యాండ్లర్‌ను డెవ్ఎంకు వదిలేయడం. పాత కెర్నళ్లు అక్కడ బగ్ అని అరిచి ఆగిపోయేవి.

దీనికి ఉపాయం ఒకటే. గొలుసులో ఒక లంకె డెవ్ఎం అయితే, అది ఆధారపడేవన్నీ, అంటే దానికన్నా ముందు తీసుకున్నవి, డెవ్ఎం కావాలి. తయారు ఫంక్షన్ లేని వాటికి డెవ్ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్ ఉంది, మీ విడుదల ఫంక్షన్‌ను జాబితాలో సరైన చోట పెడుతుంది. అలా కుదరదనుకుంటే ఆ ఒక్క ఐఆర్‌క్యూను చేత్తో తీసుకుని చేత్తో వదలండి. ఐఆర్‌క్యూ విషయంలో నేను చేత్తో రాయడానికే మొగ్గుతాను. రిమూవ్ చదివేవాడికి హ్యాండ్లర్ ఎక్కడ ఆగిందో ఒక్క లైన్‌లో కనిపించాలి.

రిఫరెన్స్ కౌంట్: ఖాతా పుస్తకానికి

స్టోరేజీలో ఇది తప్పించుకోలేనిది. నెట్‌వర్క్ డ్రైవర్లు చూసి అలవాటైన వాళ్లు ఇక్కడే తడబడతారు.

2022 వరకు ఒక్కో డ్రైవర్ తన సొంత లెక్క పెట్టుకునేది. ఓపెన్‌లో పెంచడం, రిలీజ్‌లో తగ్గించడం, మధ్యలో ఒక మ్యూటెక్స్ (ఒకసారి ఒకరినే లోపలికి వదిలే తాళం). 5.18 కెర్నల్‌లో బ్లాక్ లేయర్ (డిస్కుల పని చూసే కెర్నల్ భాగం) ఫ్రీ_డిస్క్ అనే కాల్‌బ్యాక్ ఇచ్చింది. జెన్‌డిస్క్ (కెర్నల్‌లో ఒక డిస్క్‌కు గుర్తు) మీద ఆఖరి రిఫరెన్స్ పోయినప్పుడు అది పిలవబడుతుంది. అంటే లెక్క ఎలాగూ బ్లాక్ లేయర్ పెట్టుకుంటోంది, మన స్ట్రక్చర్‌ను దానికే కట్టేస్తే చాలు. రిమూవ్‌లో మనం పుట్_డిస్క్‌తో మన వాటా వదులుతాం. ఓపెన్ చేసినవాళ్లు ఎవరూ లేకపోతే అక్కడికక్కడే ఫ్రీ_డిస్క్ వస్తుంది. ఉంటే, వాళ్లలో ఆఖరివాడు వెళ్లాక వస్తుంది.

చూసి నేర్చుకోవడానికి నేను పిల్లలకు ఇచ్చేది విర్టియో బ్లాక్ డ్రైవర్ (వర్చువల్ మిషన్ల డిస్క్ డ్రైవర్) రిమూవ్. చిన్నది, తేటగా ఉంటుంది. ముందు కాన్ఫిగ్ వర్క్ ఆగుతుంది. తర్వాత డెల్_జెన్‌డిస్క్. ట్యాగ్ సెట్ (రిక్వెస్టులకు నంబర్లిచ్చే పట్టిక) ఫ్రీ అవుతుంది. తర్వాత మ్యూటెక్స్ పట్టుకుని పరికరాన్ని రీసెట్ చేసి, స్ట్రక్చర్‌లో పరికరాన్ని చూపే పాయింటర్‌ను నల్ చేస్తుంది. క్యూలు పోతాయి. ఆఖర్న పుట్_డిస్క్. అసలు స్ట్రక్చర్ కేఫ్రీ అయ్యేది ఫ్రీ_డిస్క్‌లో. ఆ నల్ చేసిన పాయింటర్‌ను గమనించండి. స్ట్రక్చర్ బతికే ఉంది, కానీ పరికరం లేదు. ఓపెన్ ఉన్నవాళ్ల వైపు నుంచి వచ్చే ఫంక్షన్ పరికరాన్ని తాకే ముందు, అదే మ్యూటెక్స్ పట్టుకుని "పరికరం ఉందా?" అని చూసుకుంటుంది. యార్డు మూసి ఉంది, పుస్తకం ఉంది. పుస్తకం చూపించి కాంటా వేయమనకూడదు.

ఇంకో చిన్న సంగతి. ఐడీఏ (నంబర్లు పంచే కెర్నల్ సాధనం) నుంచి డిస్క్‌కు తీసుకున్న నంబరును కూడా ఆ డ్రైవర్ ఫ్రీ_డిస్క్‌లోనే వదులుతుంది. పాత డిస్క్‌ను ఎవరో పట్టుకుని ఉండగానే దాని నంబరు ఇంకొకరికి పోకుండా.

బ్లాక్ డిస్క్ లేకుండా క్యారెక్టర్ డివైస్ మాత్రమే ఉంటే ఫ్రీ_డిస్క్ ఉండదు. అక్కడ మీ స్ట్రక్చర్‌లోనే కేరెఫ్ (కెర్నల్ తయారుగా ఇచ్చే రిఫరెన్స్ కౌంట్) పెట్టుకోండి.

పరికరం చెప్పకుండా పోతే

కార్డు లాగేసినప్పుడు రిజిస్టర్ చదివితే అన్ని బిట్లూ ఒకట్లే వస్తాయి, హెక్సాడెసిమల్‌లో చూస్తే వరసగా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్. "బిజీ బిట్ సున్నా అయ్యేదాకా ఆగు" అనే లూప్‌కు అక్కడ అంతు ఉండదు. ప్రతి లూప్‌కూ గడువు పెట్టండి.

అంతకన్నా పెద్ద చిక్కు డెల్_జెన్‌డిస్క్ దగ్గరే. అది లోపలి రిక్వెస్టులు పూర్తయ్యేదాకా ఆగుతుందన్నాను కదా. పూర్తి చేయాల్సిన పరికరమే లేకపోతే? రిమూవ్ అక్కడే వేలాడుతుంది. మామూలుగా 120 సెకన్ల తర్వాత లాగ్‌లో హంగ్ టాస్క్ హెచ్చరిక కనిపిస్తుంది. అందుకే రిమూవ్ మొదట్లోనే పరికరం ఉందో లేదో చూసి, లేకపోతే బ్లాక్_మార్క్_డిస్క్_డెడ్ (డిస్క్ పోయిందని గుర్తు పెట్టే ఫంక్షన్) పిలిచి, పరికరం చేతిలో ఉండిపోయిన రిక్వెస్టులను మనమే ఐఓ ఎర్రర్‌తో ముగించాలి. ఆ తర్వాతే డెల్_జెన్‌డిస్క్. ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎస్ఎస్‌డీలు) డ్రైవర్ రిమూవ్‌లోనూ ఈ చూపు మొదట్లోనే ఉంటుంది.

రిమూవ్ నుంచి ఎర్రర్ తిప్పి పంపి "ఇప్పుడు కాదు" అనడం కుదరదు. పీసీఐలో రిమూవ్ ఏదీ తిరిగి ఇవ్వదు, ప్లాట్‌ఫారం డ్రైవర్లలోనూ (చిప్‌లోనే కట్టి ఉన్న పరికరాలవి) ఇప్పుడు అంతే. పరికరం పోవడం ఖాయమైపోయాకే రిమూవ్ పిలుస్తారు.

మరి మీకేది?

బోర్డు మీద సోల్డర్ చేసి ఉన్న ఈఎంఎంసీ (ఫోన్లలో ఉండే స్టోరేజీ చిప్) లాంటి దాని కంట్రోలర్ అయితే, ఎంఎంసీ లేయర్ డిస్క్ ఆయుష్షు సంగతి చూసుకుంటుంది. మీరు క్లాక్‌లు, రిజిస్టర్లు డెవ్ఎంకు ఇచ్చి, రిమూవ్‌లో హోస్ట్‌ను తీసేయడం వరకు రాస్తే చాలు. స్కజీ లేయర్ (డిస్కులతో మాట్లాడే ఇంకో పాత ప్రమాణానికి కెర్నల్‌లోని భాగం) మీద కూర్చునే డ్రైవర్‌కూ దాదాపు ఇదే మాట: స్కజీ_రిమూవ్_హోస్ట్ ముందు, హార్డ్‌వేర్ ఆపడం తర్వాత, స్కజీ_హోస్ట్_పుట్ ఆఖర్న.

మీరే జెన్‌డిస్క్ తయారు చేస్తుంటే ఫ్రీ_డిస్క్ లేకుండా మొదలుపెట్టకండి. పరికరం ఎప్పుడూ ఊడదు, మాకెందుకు అంటారు కొందరు. అన్‌బైండ్ ఫైల్ ప్రతి మిషన్‌లోనూ ఉంది.

పాత కెర్నల్ మీద, 5.18 కన్నా కింద ఇరుక్కున్న వాళ్లు సొంత కేరెఫ్ పెట్టుకోవాల్సిందే. పాత వాటిలో క్యూ శుభ్రం చేసే ఫంక్షన్లు కూడా వేరు. కొత్త కోడ్‌ను అక్కడికి కాపీ చేసే ముందు ఆ కెర్నల్‌లోనే ఉన్న డ్రైవర్‌ను ఒకటి తెరిచి చూడండి.

6.5 నుంచి స్కోప్ ముగియగానే తనంతట తానే విడిపోయే పద్ధతి కూడా వచ్చింది. ప్రోబ్ లోపల తాత్కాలికంగా తీసుకునే బఫర్లకు, తాళాలకు చాలా బాగుంటుంది. రిమూవ్ దాకా బతకాల్సిన వాటికి అది సంబంధం లేదు.

ఇంట్లోనే పరీక్ష

మన దగ్గర అందరి చేతిలో పీసీఐ కార్డులు ఉండవు. క్యూఎము (వర్చువల్ మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. కెర్నల్‌లో కేసాన్, కేమెమ్‌లీక్ రెండూ ఆన్ చేసి కట్టండి. మొదటిది పోయిన మెమరీని తాకితే పట్టుకుంటుంది, రెండోది ఎవరూ ఫ్రీ చేయనిదాన్ని. డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్ అనే ఎంపిక పెడితే ప్రతి డ్రైవర్‌కూ ప్రోబ్, రిమూవ్, మళ్లీ ప్రోబ్ నడుస్తాయి. డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ ఎంపిక, షేర్డ్ ఐఆర్‌క్యూ వదిలేటప్పుడు కావాలనే హ్యాండ్లర్‌ను ఒకసారి లేపి చూస్తుంది. పైన చెప్పిన షేర్డ్ ఐఆర్‌క్యూ తప్పు దీనికి దొరుకుతుంది.

తర్వాత నేను అప్పుడు చేయని పరీక్ష చేయండి. డిస్క్ మీద ఫైల్‌సిస్టం వేసి మౌంట్ చేయండి. ఒక టెర్మినల్‌లో డీడీ (డేటా కాపీ చేసే కమాండ్) తో రాత నడుస్తూ ఉండాలి. ఇంకో టెర్మినల్‌లో డిస్క్‌ను ఓపెన్ చేసి ఊరికే పట్టుకుని కూర్చునే చిన్న ప్రోగ్రాం. అప్పుడు అన్‌బైండ్ చేయండి. డీడీ ఎర్రర్‌తో ఆగాలి, అన్‌బైండ్ తిరిగి రావాలి. ఒక నిమిషం ఆగి అన్‌మౌంట్ చేయండి. ఆఖర్న పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాంను చంపండి. ఫ్రీ_డిస్క్‌లో ఒక ప్రింట్ లైన్ పెట్టుకుంటే, అది ఈ ఆఖరి మెట్టు తర్వాతే లాగ్‌లో కనిపించాలి. ముందే కనిపిస్తే ఎక్కడో ఒక పుట్ ఎక్కువైంది. అసలు కనిపించకపోతే ఎక్కడో ఒకటి తక్కువైంది.

ఆ అమ్మాయి డ్రైవర్‌లో మొదటిసారి అది కనిపించలేదు. ప్రోబ్ ఫెయిలయ్యే దారిలో కాదు, మామూలు రిమూవ్‌లోనే పుట్_డిస్క్ మరిచిపోయింది. చేర్చి మళ్లీ నడిపాం. ప్రోగ్రాంను చంపిన వెంటనే ఆ లైన్ వచ్చింది.